శమీవృక్షం మీది విండ్లు

పాండవులు శమీవృక్షం మీద దాచిన ఆయుధాలను ఉత్తరకుమారుడు తొలిసారి చూచి విస్తుపోయిన ఘట్టం విరాటపర్వంలోనిది. తిక్కన సోమయాజి తెనిగించిన పదునైదు పర్వాలలో మొదటిది అదే. సంస్కృత మూలంలో ఉత్తరుడు ఒక్కొక్క వింటిని దాని అలంకారాన్ని బట్టి గుర్తించి, ఇది ఎవరిదని అడుగుతాడు. ఒకదానిపై నూరు బంగారు బొట్లు, మరొకదాని వెన్నుపై ఏనుగులు, ఇంకొకదానిపై అరువది ఆరుద్రపురుగులు, వేరొకదానిపై మూడు సూర్యబింబాలు. పురాణశ్రవణంలో ఇది వర్ణనగానే సాగిపోతుంది. విల్లు పట్టినవారికి మాత్రం వేరొక సందేహం కలుగుతుంది: ఇంత బంగారం మోసే విల్లు బాణాన్ని సరిగా వదలగలదా?

బంగారం నీటికంటె పందొమ్మిది రెట్లు బరువైనది. అయితే ఎంత బరువన్నదానికంటె అది ఎక్కడున్నదన్నదే ముఖ్యం. బాణం వదలినప్పుడు పిడి దాదాపు కదలదు. అక్కడి బరువు చేతి వణకును అణచి వింటికి నిలకడనిస్తుంది. వింటికొప్పులు మాత్రం అతివేగంగా ముందుకు దూకుతాయి. అక్కడ కొద్దిపాటి లోహం చేరినా, బాణానికి చెందవలసిన శక్తిలో కొంత ఆ లోహాన్ని కదల్చడానికే వ్యయమవుతుంది. ఏనుగులు పిడి సమీపాన ఉంటే మేలు. కొప్పున ఉంటే అవి నిజంగా ఏనుగులే!

నారి సంగతి మరింత సున్నితం. వేటగాండ్రు చప్పుడు తగ్గించడానికి నారికి ఉన్ని కుచ్చులు కడతారు; ఈ దేశంలో ఉన్నికి కొదవ లేదు. కుచ్చుల బరువుతో బాణవేగం కొంత తగ్గుతుంది, కనుక బాణాన్ని నారికి తొడిగే చోటును మళ్లీ సరిచూచుకోవాలి. మన వీరులకు కావలసినది నిశ్శబ్దం కాదు, ధనుష్టంకారం. ఆ మ్రోత బాణానికి అందక వింటిలోనే మిగిలిన శక్తి. బాణం ఒరసే చోట అతికే తోలుముక్కకూ ప్రభావముంది. అది మందమైతే బాణం వింటి మధ్యరేఖకు ఎడమై, బిరుసెక్కినదానివలె ప్రక్కకు తొలగుతుంది.

పరికరాలన్నీ పాశ్చాత్యుల కల్పనలనీ, ప్రాచీనుల విల్లు నిరాడంబరమనీ చెప్పేవారితో నేను ఏకీభవించలేను. రామాయణ బాలకాండలో విశ్వామిత్రుని వెంట నడచిన రామలక్ష్మణులు గోధాంగుళిత్రాణాలు ధరించారు: నారి దెబ్బ తగులకుండా ముంజేతికీ వ్రేళ్లకూ తొడుగులవి. అమ్ములపొది వీపున ఉండేది. అంటే ప్రాచీనులు పరికరాన్ని వింటికంటె విలుకాని ఒంటికే ఎక్కువగా తగిలించారు. ఇది సౌకర్యమే కాదు. పొదిని వింటికే బిగిస్తే ఒక్కొక్క అమ్ము ఖాళీ అయినకొద్దీ వింటి తూకం మారిపోతుంది.

పిడినుండి ముందుకు పొడుచుకొని వచ్చే బరువు కడ్డీని అమెరికాకు చెందిన ఎర్ల్ హాయిట్ 1961లో ప్రవేశపెట్టాడు. పిడి మెలితిరగకుండా అది ఆపుతుంది. ఏది న్యాయమైన సహాయం, ఏది కాదు అన్న తర్కం క్రైస్ట్‌చర్చ్‌కు చెందిన నెరోలి ఫెయిర్‌హాల్ విషయంలో మనిషి దాకా వచ్చింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండి 1982 బ్రిస్బేన్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలిచింది. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో పాల్గొని, పక్షవాతంతో ఆ క్రీడలలో పోటీపడిన తొలి క్రీడాకారిణి అయింది. కూర్చుండటం ఆమెకు లాభమా అని అడిగినవారూ ఉన్నారు. నిలబడి వేసే అవకాశం లేనివారిని అడగవలసిన ప్రశ్న కాదది.

నేటి పోటీలలో బేర్‌బో అనే విభాగముంది. నారి విప్పిన విల్లు, దానికి తగిలించిన బరువులతో సహా, 12.2 సెంటీమీటర్ల వలయంలోనుండి దూరిపోవాలి. ఉత్తరుడు చూచిన ఏనుగులు పలుచని రేకులే అయితే, ఆ వలయంలోనుండి సులువుగానే దూరిపోయేవి.