షిన్నెకాక్ హిల్స్ గోల్ఫ్ కోర్సు

న్యూయార్క్ రాష్ట్రంలో, లాంగ్ ఐలాండ్ తూర్పు భాగాన సౌతాంప్టన్‌లో ఉన్న గోల్ఫ్ కోర్సు షిన్నెకాక్ హిల్స్. ఈ క్లబ్బు 1891లో మొదలైంది. 1894లో అమెరికా గోల్ఫ్ సంఘాన్ని నెలకొల్పిన ఐదు క్లబ్బుల్లో ఇదొకటి. ఇప్పటి కోర్సు చాలావరకు విలియం ఫ్లిన్ రూపకల్పన, 1931లో పూర్తయింది. ఇసుక నేల, ఎత్తుపల్లాలు, గంటగంటకూ మారే సముద్రపు గాలి: దీని అసలు పరీక్ష ఇదే. హోల్స్ రకరకాల దిక్కులకు తిరగడంతో ఆటగాడికి ఆ గాలి ఒకసారి ఎదురొస్తే మరోసారి పక్కనుంచి తోస్తుంది.

పెద్ద పోటీకి కోర్సును సిద్ధం చేయడమంటే ఫెయిర్‌వే వెడల్పు, రఫ్ ఎత్తు, గ్రీన్‌పై గడ్డి కోత, రోలరు, నీటి మోతాదు, ఏ రోజు గుంత ఎక్కడ తవ్వాలన్నది నిర్ణయించడం. గ్రీన్ వేగాన్ని స్టింప్‌మీటర్‌తో కొలుస్తారు. గాడి ఉన్న ఆ కడ్డీ మీంచి జారిన బంతి ఎన్ని అడుగులు దొర్లితే అంత వేగం. వాలున్న గ్రీన్‌ను మరీ ఎండనిస్తే మంచి షాట్‌కూ చెడ్డ షాట్‌కూ తేడా మిగలదు.

ఇక్కడి 2004 యూఎస్ ఓపెన్‌లో జరిగింది అదే. ఏడో హోల్ పార్-3. స్కాట్లాండ్‌లోని నార్త్ బెర్విక్ 'రెడాన్' నమూనా. ముందు కుడివైపు నుంచి వెనక ఎడమకు వాలే దాని గ్రీన్ చివరి రోజుకు ఎంత ఎండిపోయిందంటే, ఆట సాగుతుండగానే నీళ్లు చల్లాల్సి వచ్చింది. ముందు ఆడినవారికి లేని తడి వెనకొచ్చినవారికి దక్కింది; న్యాయం మాటకొస్తే ఇదే పెద్ద లోపం. ఆ రోజు పార్ 70 కంటే తక్కువలో ముగించినవారు ఒక్కరూ లేరు. రిటీఫ్ గూసెన్ గెలిచాడు.

2018 యూఎస్ ఓపెన్‌లో మళ్లీ బెడిసింది, ఈసారి శనివారం. పొద్దున్నే ఆడిన డేనియల్ బెర్గర్, టోనీ ఫినావ్ చెరో 66 కొట్టి, 11 స్ట్రోకుల వెనకనుంచి ఉమ్మడి ఆధిక్యంలోకి వచ్చారు. మధ్యాహ్నానికి గాలికి గ్రీన్లు ఆరిపోయి, ముందున్నవారే వెనకబడ్డారు. కొన్ని గుంతల స్థానాలు హద్దు దాటాయని నిర్వాహకులు ఒప్పుకున్నారు. ఆదివారం నీళ్లు పెంచగా టామీ ఫ్లీట్‌వుడ్ 63 కొట్టాడు. అయినా టైటిల్ బ్రూక్స్ కెప్కాదే; నాలుగు రోజుల మొత్తం 281, పార్‌కు ఒకటి ఎక్కువ.