పాపసంకీర్తనం

జ్ఞానస్నానం పొందిన క్రైస్తవుడు ఆ తరువాత చేసిన పాపాన్ని ఒప్పుకొని, దేవునితోను సంఘంతోను తెగిన సంబంధాన్ని తిరిగి కలుపుకొనే సంస్కారం. కథోలికుల సప్త సంస్కారాలలో ఇది ఒకటి. పాపం విశ్వాసికీ దేవునికీ మధ్య అడ్డుగా నిలుస్తుందన్న భావన యెషయా గ్రంథం 59వ అధ్యాయంలోను, దావీదు పశ్చాత్తాపంగా ప్రసిద్ధమైన 51వ కీర్తనలోను కనిపిస్తుంది. ఆ అడ్డు తొలగించే అధికారం సంఘానికి ఉందా, ఉంటే ఎన్నిసార్లు అన్నదే ఈ సంస్కారం చరిత్రలో మొదటి నుంచీ నలిగిన ప్రశ్న.

రెండవ శతాబ్దంలో రోములో రాసిన ‘హెర్మాసు కాపరి’ గ్రంథం జ్ఞానస్నానం తరువాత ఒకే ఒక్క పశ్చాత్తాపానికి అవకాశం ఇచ్చింది. 203 ప్రాంతంలో కార్తేజివాసి టెర్టూలియన్ ఆ పశ్చాత్తాపం ఎలా సాగేదో వర్ణించాడు: పాపి గోనెపట్ట కట్టి, బూడిదలో కూర్చొని, ఉపవాసముండి, పెద్దల పాదాలపై పడి తన కోసం ప్రార్థించమని వేడుకొనేవాడు. వయసు మీరాక ఇదే టెర్టూలియన్ వ్యభిచారం వంటి ఘోరపాపాలను సంఘం క్షమించజాలదని వాదించాడు.

డెసియస్ హింస, సిప్రియన్

250లో డెసియస్ చక్రవర్తి ప్రజలందరూ రోమను దేవతలకు బలి అర్పించి, ధ్రువపత్రం పొందాలని ఆజ్ఞాపించాడు. ఈజిప్టు ఇసుకలో ఇలాంటి పత్రాలు 40కి పైగా దొరికాయి. ఒకదానిలో దరఖాస్తుదారు వయసు 72 అని, కుడి కనుబొమ్మపై మచ్చ ఉందని గుర్తులు కూడా రాసి ఉన్నాయి. రోము పీఠాధిపతి ఫేబియన్ ఆ ఏడు జనవరిలోనే ప్రాణమిచ్చాడు. వేలాది మంది మాత్రం బలి అర్పించారు. కొందరు ధూపం వేసి సరిపెట్టారు. ఇంకొందరు బలి ఇవ్వకుండానే డబ్బిచ్చి పత్రం కొన్నారు. హింస సద్దుమణగగానే వీళ్లంతా తిరిగి సంఘం గుమ్మం తొక్కారు. చెరసాలలో చిత్రహింసలకు ఓర్చిన విశ్వాసులు కొందరు ఉదారంగా వాళ్లకు సిఫారసు లేఖలు రాసిచ్చారు.

కార్తేజి పీఠాధిపతి సిప్రియన్ ఇందుకు ఒప్పుకోలేదు. పశ్చాత్తాపం లేని చేరిక పాపికే కీడు అన్నది ఆయన వాదం. ‘పతితులను గురించి’ అనే రచనలో ఆయన ఒక స్త్రీ ఉదంతం చెప్పాడు: ఆమె ఇంట్లో దివ్యసత్ప్రసాదం (ప్రభుభోజనపు రొట్టె) దాచుకొన్న పెట్టెను అపవిత్రమైన చేతులతో తెరవబోగా లోపలి నుంచి మంట లేచి ఆమెను ఆపింది. 251లో కార్తేజి సభ పత్రం మాత్రమే కొన్నవారిని విచారించి చేర్చుకోవాలని, బలి అర్పించినవారిని మరణవేళ చేర్చుకోవాలని తీర్మానించింది. రోములో నొవేషియన్ ఎవరినీ చేర్చుకోరాదని పట్టుబట్టి వేరు సంఘం పెట్టాడు. మరో హింస ముంచుకొస్తుండగా, పశ్చాత్తాపంలో నిలిచిన వారందరికీ సిప్రియన్ తలుపు తెరిచాడు. కాఠిన్యానికీ అలసత్వానికీ మధ్య ఆయన నడిచిన ఈ దారి వివేకవంతమైనది. పశ్చిమ సంఘం తరువాత అనుసరించిందీ దాన్నే. 258లో సిప్రియన్ హతసాక్షి అయ్యాడు.

తరువాతి కాలం

325లో నైసియా మహాసభ హింస లేకుండానే విశ్వాసం వదిలినవారికి 12 ఏళ్ల ప్రాయశ్చిత్తం మూడు దశల్లో విధించింది. 390లో థెస్సలొనీకలో ఊచకోత జరిపించిన థియోడోసియస్ చక్రవర్తిని మిలాను పీఠాధిపతి ఆంబ్రోసు దివ్యసత్ప్రసాదానికి దూరం పెట్టి, బహిరంగ ప్రాయశ్చిత్తం చేయించాడు. ఆరవ శతాబ్దం నుంచి ఐరిష్ సన్యాసులు గురువు చెవిలో రహస్యంగా, ఎన్నిసార్లైనా పాపం చెప్పుకొనే పద్ధతిని ఐరోపాలో వ్యాపింపజేశారు. 1215లో నాలుగవ లాటరన్ మహాసభ ఏటా ఒకసారి పాపసంకీర్తనం తప్పనిసరి చేసి, విన్నది బయటపెట్టే గురువుకు శిక్ష నిర్ణయించింది.

లూథరన్లు 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలో వ్యక్తిగత క్షమాపణను నిలుపుకొన్నా, పాపాలన్నీ లెక్కపెట్టి చెప్పనక్కరలేదన్నారు. 1551లో ట్రెంటు మహాసభ చావైన పాపాలను, అంటే ఘోరపాపాలను, విడివిడిగా చెప్పాల్సిందేనని బదులిచ్చింది. 1973లో రోము వెలువరించిన కొత్త క్రమం, దేవునితో సమాధానపడటంతోపాటు సంఘంతో సమాధానపడటాన్నీ స్పష్టం చేసింది.

తెలుగునాట కథోలికులు ముఖ్యంగా తపస్సుకాలంలో, ఈస్టరుకు ముందు, గురువు వద్ద పాపసంకీర్తనం చేస్తారు. 1842లో గుంటూరు చేరిన మిషనరీ హయ్యరు దొర నాటిన లూథరన్ సంఘాలలో ప్రభురాత్రి భోజనానికి ముందు సభ అంతా ఒక్క గొంతుతో పాపపు ఒప్పుకోలు చెబుతుంది.