వెనక సీటు మీద తెల్ల తువ్వాలు

అప్పటి విశాఖ జిల్లా చోడవరంలో మా చిన్నాన్న ముప్ఫై ఏళ్లు అంబాసిడర్ నడిపాడు. సొంత బండి కాదు, ఒక షావుకారుగారిది. క్రషింగ్ రోజుల్లో గోవాడ చక్కెర ఫ్యాక్టరీ దారి పొడవునా చెరకు బళ్లు బారులు తీరి ఉంటే, ఆ సందుల్లోంచి తెల్లకారుని గీత పడకుండా తెచ్చేవాడు. వెనక సీటు మీద తెల్ల టర్కీ తువ్వాలు, అద్దాలకు చిన్న తెరలు. షావుకారు ముందు సీట్లో కూర్చోగా ఊళ్లో చూసినవాళ్లు లేరు.

ఆ మధ్య చిన్నాన్న కొడుకు దగ్గరికి డాలస్ వెళ్లాడు. కొడుకు ఉండేది ఫ్రిస్కోలో, నడిపేది లెక్సస్. ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ మొదటి సిగ్నల్ దగ్గర ఆగగానే ఈయనకి కంగారు పుట్టింది. "బండి ఆగిపోనాదేటిరా?"

అది హైబ్రిడ్. ఇంజిన్ నిజంగానే ఆగింది. ముప్ఫై ఏళ్లు చెవి పెట్టి బండి నడిపినవాడికి నిశ్శబ్దమంటే రిపేరే.

ఆ నిశ్శబ్దాన్ని అమెరికాలో అమ్మడానికి జపాన్‌వాళ్లు పడిన పాట్లు చిన్నవి కావు. 1957లో టయోటా హాలీవుడ్‌లో ఆఫీసు తెరిచి టయోపెట్ క్రౌన్ అనే కారు దించింది. జపాన్ గతుకుల రోడ్లకి తగ్గట్టు చేసిన బరువైన బండి. అమెరికా హైవే ఎక్కగానే రొప్పింది, వేడెక్కింది. 1958లో ఏడాది మొత్తానికి అమ్మినవి 288 బళ్లు, అందులో ఒకటి ల్యాండ్‌క్రూజర్. క్రౌన్‌ని వెనక్కి తీసుకుని, కొన్నేళ్లకి కరోనా, కరోలా లాంటి చిన్నకార్లతో మళ్లీ వచ్చారు. 1973లో పెట్రోలు ధర మండాక జపాన్ కారు అమెరికా మధ్యతరగతి ఇంటి బండైపోయింది. చవక, మైలేజీ, మొరాయించదు. పేరు మంచిదే. చిక్కంతా ఆ పేరుతోనే వచ్చింది. చవక అని పేరు పడ్డ కొట్లో పట్టుచీర ఎవరు కొంటారు?

ఆ చిక్కులోంచి జపాన్‌ని బయటికి నెట్టింది అమెరికాయే. 1981లో డెట్రాయిట్ కార్ల కంపెనీలు గగ్గోలు పెడితే, ఏడాదికి 16.8 లక్షల కార్లకు మించి పంపబోమని జపాన్ ఒప్పుకోవాల్సి వచ్చింది. లెక్క మీద కట్టడి పెట్టారే కాని ధర మీద పెట్టలేదు. బండికి ఇన్నే బస్తాలంటే ఏ రైతయినా సంతకి ఊక మోసుకెళ్తాడా? ఖరీదైన సరుకే ఎత్తుతాడు. 1985లో డాలర్ విలువ దించడానికి పెద్ద దేశాలు చేసుకున్న ప్లాజా ఒప్పందం తరవాత యెన్ విలువ పెరిగి చిన్నకారు మీద లాభం ఇంకా పల్చబడింది. హోండా 1986లోనే అక్యూరా పేరుతో ముందు దూకింది. నిస్సాన్ 1989లో ఇన్ఫినిటీ తెచ్చి, తొలి ప్రకటనల్లో కారు చూపకుండా రాళ్లూ చెట్లూ చూపించింది. జనం రాళ్లను మెచ్చుకున్నారు, కార్లు అంతగా కొనలేదు.

టయోటా పద్ధతి వేరు. 1983 ఆగస్టులో సంస్థ ఛైర్మన్ ఈజీ తొయోదా తన ముఖ్యుల్ని రహస్యంగా పిలిచి, ప్రపంచంలోని మేటి కారుని మించిన కారు చేయగలమా అని అడిగాడు. జవాబు రావడానికి ఆరేళ్లు పట్టింది, 100 కోట్ల డాలర్లకు పైనే ఖర్చయింది. నమూనా కార్లే 450 దాకా చేశారు. డిజైనర్లు కాలిఫోర్నియా లగూనా బీచ్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, డబ్బున్నవాళ్లు ఎలా తింటున్నారో, ఎలా ఖర్చు పెడుతున్నారో గమనించారు. చీఫ్ ఇంజనీర్ ఇచిరో సుజుకి పట్టిన పట్టు ఒక్కటే. చప్పుడుని బొంతలు కప్పి దాచకూడదు, పుట్టిన చోటే చంపాలి. 1989 సెప్టెంబరులో లెక్సస్ పేరుతో ఎల్ఎస్ 400 అమ్మకానికి వచ్చింది. రోలర్ల మీద 145 మైళ్ల వేగంతో చక్రాలు తిరుగుతుంటే, బానెట్ మీద పేర్చిన షాంపేన్ గ్లాసుల గోపురం చెక్కుచెదరని ప్రకటన అప్పట్లో అమెరికాలో అందరి నోటా నానింది. ధర 35 వేల డాలర్లు. ఆ మెత్తదనంతో జర్మన్ కారు కావాలంటే ఇంకా చాలా పోయాలి.

కారు మీద టయోటా పేరు మాత్రం ఎక్కడా లేదు. కొత్త పేరు, కొత్త షోరూము. దాంతోపాటే అమ్మిన చిన్న లెక్సస్ ఈఎస్ 250 అచ్చంగా టయోటా క్యామ్రీ చుట్టమే. అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి వెళ్లినవాళ్లకి ఇది విప్పి చెప్పనక్కర్లేదు. చెరకు రసం ఒకటే, పాకం దించిన ఒడుపుని బట్టి రంగు, రంగుని బట్టి ధర.

నా మటుకు లెక్సస్‌ని నిలబెట్టింది షాంపేన్ గ్లాసులు కావు, ఒక తప్పు. 1989 డిసెంబరులో, అంటే దుకాణం తెరిచిన మూడు నెలలకే, క్రూజ్ కంట్రోల్‌లోనూ బ్రేక్ లైటులోనూ లోపం ఉందని ఒకటీ రెండూ ఫిర్యాదులు వచ్చాయి. అప్పటికి అమ్మిన 8 వేల కార్లన్నిటినీ వెనక్కి పిలిచారు. పిలవడమంటే ఉత్తరం రాసి మీరే తీసుకురండి అనడం కాదు. చాలా చోట్ల మనుషుల్ని యజమాని గుమ్మంలోకి పంపి కారు పట్టుకెళ్లి, బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి తెచ్చి అప్పజెప్పారు. మొత్తం 20 రోజుల్లో ముగించారు. డబ్బున్నవాడికి కావాల్సింది చెడిపోని కారు ఒక్కటే కాదు, చెడితే తన చేతికి మట్టి అంటకూడదు. కార్ల వ్యాపారంలో ఆ సంగతి పట్టుకున్నవాడు నెగ్గాడు. 1995లో అమెరికా ప్రభుత్వం 13 జపాన్ ఖరీదైన మోడళ్ల మీద నూటికి నూరు శాతం సుంకం వేస్తామని బెదిరించి, అమలు కావలసిన జూన్ 28నే రాజీ పడింది. చవక సరుకు మీద అంత సుంకమెందుకు వేస్తారు? 2000 నుంచి 2010 దాకా అమెరికాలో ఎక్కువగా అమ్ముడైన లగ్జరీ పేరు లెక్ససే. 2017లో టయోటా అమెరికా కార్యాలయం కాలిఫోర్నియా నుంచి టెక్సస్‌లోని ప్లేనోకి మారింది. ఫ్రిస్కో దాని పక్క ఊరే. ఇవాళ ఆ చుట్టుపక్కల కిరాణా కొట్లలో గోంగూర కట్టకి తెలుగులోనే బేరం ఆడొచ్చు.

ఇంతవరకూ లగ్జరీ కథ. దాని పై మెట్టు రోల్స్‌రాయిస్, బెంట్లీలది. ఆ మెట్టు మీద జపాన్‌వాడికి చోటుందా? హైదరాబాద్ చౌమహల్లాలో ఉన్న పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ని చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం చేయించింది, వెనక సీటుకి బదులు సింహాసనం. అది ఊరేగింపు బండి, దానికి మైలేజీతో పని లేదు. లెక్సస్ ఆ మెట్టు మీద ఒకసారి కాలు పెట్టి చూసింది. 2010లో ఎల్ఎఫ్ఏ అనే స్పోర్ట్స్ కారు, 3.75 లక్షల డాలర్ల ధర, మొత్తం 500 మాత్రమే. ఇంజిన్ గొంతు విని మురిసిపోని విమర్శకుడు లేడు. అయినా తయారీ ఆపేసిన ఏళ్ల తరవాత కూడా కొన్ని అమెరికా డీలర్ల దగ్గర కొత్తవి కొత్తగానే మిగిలాయి.

అసలు సిసలు జపాన్ రాజసం వేరే ఉంది. టయోటా వంశానికి మూలపురుషుడైన సాకిచి తొయోదా పుట్టిన నూరేళ్లకి, 1967లో వచ్చిన టయోటా సెంచురీ. మొదటి రూపం 30 ఏళ్లు దాదాపు మారలేదు, మన అంబాసిడర్‌లాగే. తోలు సీటు కిర్రుమంటుందని ఉన్ని గుడ్డ వేస్తారు. 2018 మోడల్‌కి పొరలు పొరలుగా రంగు వేసి చేత్తో మెరుగు పెడతారు. దిగిన పెద్దమనిషి కారు వెనక స్తంభంలో తన నీడ చూసుకుని టై సర్దుకోవచ్చు. 2006లో చక్రవర్తికి చేసిన దానిలో లోకప్పుకి వాషీ కాగితం, కాలు పెట్టే మెట్టుకి గ్రానైటు రాయి. ఇంతా చేసి రోడ్డు మీద దాన్ని చూస్తే పాతకాలం నల్లకారు, అంతే. తెలిసినవాడు గుర్తుపడతాడు, తెలియనివాడు దారిన పోతాడు.

అమెరికాలో చిక్కు ఇక్కడే అని నా అభిప్రాయం. అక్కడి కోటీశ్వరుడికి స్టీరింగ్ తన చేతిలో ఉండాలి, ఎదుటివాడు తల తిప్పి చూడాలి. సెంచురీకి ఆ రెండూ పనికిరావు. సంస్థ దాన్ని ఇంతవరకూ అక్కడ అధికారికంగా అమ్మలేదు. పాతికేళ్లు దాటిన కార్లను సొంతంగా దిగుమతి చేసుకునే వీలు ఉండబట్టి, 1997 నాటి పన్నెండు సిలిండర్ల సెంచురీని కొందరు వెతికి తెప్పించుకుంటున్నారు. ఆ కొందరి కోసం షోరూము తెరవలేం. టయోటాకీ ఈ లెక్క తెలిసినట్టే ఉంది. 2023లో ఎస్‌యూవీ ఆకారంలో సెంచురీ తెచ్చింది, ధర రెండున్నర కోట్ల యెన్లు. 2025లో సెంచురీని లెక్సస్‌కి కూడా పైన వేరే పేరుగా ప్రకటించి, నారింజ రంగు కూపే చూపించింది. నల్లకారు నారింజ రంగు వేసుకుందంటే చూపంతా పరదేశం మీదేనని నాకు అనుమానం. అమ్మితే ఏడాదికి కొన్ని వందలు అమ్ముతారేమో. ఆ వందల కోసం నిశ్శబ్దాన్ని వదులుకుంటే అది సెంచురీ అవుతుందా అన్నది నాకు సందేహమే.

ఇదంతా చదివాక పాత సెంచురీ ఫొటో ఒకటి చిన్నాన్నకి వాట్సాప్‌లో పంపాను. వెనక అద్దాలకి తెరలు, సీట్ల మీద అల్లిన తెల్ల లేసు కవర్లు. కాసేపటికి ఫ్రిస్కో నుంచి ఫోను. ధర అడుగుతాడనుకున్నాను.

"బాగుంది గాని, ఈ గుడ్డలు ఉతికేది ఎవులు?" అన్నాడు.