వ్రేలి బరువునకు పలుకు వాద్యము

మన గ్రామ మందిరములలో హార్మోనియము చాలకాలమునుండి పాటకు తోడైయున్నది. ఇప్పుడు పట్టణమున ఉద్యోగము చేయు కుమారుడో కుమార్తెయో, "ఇంటికొక డిజిటల్ పియానో కొందము, పిల్లలు నేర్చుకొందురు" అనుట అక్కడక్కడ వినుచున్నాము. ఇది చిన్న సొమ్ము కాదు. అనేకుల యిండ్లలో అది పాడిపశువును కొనదగిన సొమ్ము. కావున చేయి సంచిలో పెట్టకముందు, ఈ వాద్యము ఏ కొరత తీర్చుటకు పుట్టెనో తెలిసికొనుట మేలు. అది తెలిసినవానికి అంగడిలో దేనిని చూడవలెనో తెలియును.

మూడు వందల యేండ్ల క్రిందట ఐరోపాలో హార్ప్సికార్డ్ అను తీగల వాద్యముండెను. దాని మీటను మెల్లగా నొక్కినను గట్టిగా నొక్కినను ధ్వని ఇంచుమించు ఒక్కటే. వాయించువాని హృదయములోని మెత్తదనము తీగకు చేరెడిది కాదు. ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున మెదిచీ ప్రభువుల కొలువులో బార్తొలొమేయో క్రిస్టొఫోరి అను పనివాడుండెను. అతడు తీగను గిల్లుటకు మారుగా చిన్న సుత్తితో కొట్టించి, కొట్టిన వెంటనే సుత్తి వెనుకకు తగ్గునట్లు అమర్చెను. 1700 సంవత్సరమున వ్రాసిన మెదిచీవారి వాద్యముల పట్టికలో ఈ క్రొత్త వాద్యము కనబడుచున్నది. మెత్తగాను బిగ్గరగాను పలుకునది గనుక, ఆ అర్థమిచ్చు "పియానో", "ఫోర్తె" అను ఇటలీ మాటలే దానికి పేరాయెను. అతడు 1720లో చేసిన పియానో నేటికిని న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియములో నున్నది. దానికి 54 మీటలు. నేటి పియానోలకు 88.

తరువాత తీగలు లావెక్కెను, బిగువు పెరిగెను. ఆ బిగువును మోయుటకు 1825లో బోస్టనులో ఆల్ఫియస్ బాబ్‌కాక్ పోతయినుప చట్రమునకు హక్కు పొందెను. వాద్యము బరువాయెను, వెలయు హెచ్చెను. తేమగాలికి చెక్క ఉబ్బినప్పుడెల్ల శ్రుతి చెడుచుండెను. శ్రుతి సరిచేయువాడు దొరకని పల్లెలలో అది నిలువజాలకపోయెను. పల్లెకు తగిన వాద్యము వేరొకటి: 1842లో పారిసు నగరమున దెబాఁ అనువాడు హక్కు పొందిన హార్మోనియము. దాని ఇత్తడి రీడ్లు త్వరగా శ్రుతి తప్పవు. అయితే దాని హెచ్చుతగ్గులు తిత్తిగాలివలన కలుగునుగాని వ్రేలివలన కలుగవు. ఈ భేదమును జ్ఞాపకముంచుకొనుడి.

ఈ రెండు వాద్యముల త్రోవలు జపానులో కలిసెను. 1887లో హమామత్సు పట్టణపు పాఠశాలలో రీడ్ల ఆర్గను పాడుకాగా, వైద్యపరికరములు బాగుచేయు యమహా తొరకుసు అనువానిని పిలిచిరి. అతడు దానిని బాగుచేసి, అటువంటిదానిని తానే చేసి, తోడివానితో కలిసి కావడిమీద మోసికొని, హకోనె కొండలు దాటి, ఇంచుమించు 250 కిలోమీటర్లు నడిచి టోక్యో చేరెను. అక్కడి సంగీత పాఠశాలవారు శ్రుతి సరిగా లేదనిరి. అతడు అలుగలేదు, నెలదినములు అక్కడనే యుండి శ్రుతిశాస్త్రము నేర్చి, తిరిగి వచ్చి రెండవదానిని చేసెను. అది అంగీకరింపబడెను. అతడు స్థాపించిన సంస్థయే 1983లో క్లావినోవా అను ఇంటి డిజిటల్ పియానోను తెచ్చెను.

అమెరికాలో రే కర్జ్‌వైల్ 1976లో అంధులకు పుస్తకము చదివి వినిపించు యంత్రమును చేసెను. దానిని మొదట కొన్నవాడు అంధ గాయకుడైన స్టీవీ వండర్. ఎలక్ట్రానిక్ వాద్యములనుండి నిజమైన వాద్యముల నాదము రప్పింపలేమా అని 1982లో అతడడిగెను. ఆ ప్రశ్నకు జవాబుగా 1984లో కర్జ్‌వైల్ 250 వెలువడెను.

డిజిటల్ పియానోలో సాధారణముగా తీగలుండవు. మంచి పియానో నాదమును మెల్లగా, గట్టిగా వాయించి పట్టి, అంకెలుగా దాచియుంచెదరు. మీట దిగు వేగమును లోపలి పరికరములు కొలిచి, ఆ వేగమునకు తగిన నాదమును పలికించును. క్రిస్టొఫోరి కోరినదే ఇదియు కోరుచున్నది.

కాబట్టి కొనునప్పుడు బొత్తాముల లెక్కకు మోసపోకుడి. అంగడిలో కూర్చుండి ఒకే మీటను మంచువలె తాకుడి, పిమ్మట గట్టిగా నొక్కుడి. రెండు పలుకులు వేరుగా లేనియెడల దానిని విడిచిపెట్టుడి. 88 మీటలుండవలెను; ఎడమప్రక్క మీటలు కొంచెము బరువుగాను కుడిప్రక్కవి తేలికగాను ఉన్న మరి మంచిది. కాలిపెడలు నొక్కి అనేక స్వరములు వాయించినప్పుడు మొదటివి తెగిపోకూడదు. బల్ల కదలరాదు. అప్పుచేసి మాత్రము కొనకుడి.

ఇంటికి తెచ్చిన తరువాత దానికి శ్రుతి చేయనక్కరలేదు. అయినను దుమ్ము తగులకుండ బట్ట కప్పుడి, చెమ్మగోడకు దూరముగా నుంచుడి, ఉరుములు వచ్చినప్పుడు తీగను ప్లగ్గునుండి తీయుడి. కూలిపని చేసి అలసి నిద్రించు పొరుగువారికొరకు రాత్రి చెవిపరికరము పెట్టుకొనవచ్చును. కాని ప్రతిదినము అట్లే చేసిన, పిల్లవాని పాట తల్లియైనను వినదు. సాయంకాలము దానిని తీసి, ఇంటివారందరు కలిసి పాడునట్లు వాయింపనిండు. పెద్దవారి గొంతునకు స్థాయి హెచ్చైన, ఒక బొత్తాముతో దించవచ్చును.

క్రిస్టొఫోరి చెక్క వాద్యము మూడు వందల యేండ్లు నిలిచెను. మన యింటి ఎలక్ట్రానిక్ వాద్యము అంతకాలము నిలుచునని ఎదురుచూడరాదు. అది మనుమలకు ఆస్తి కానేరదు. అయితే దినమునకు అరగంట దానియొద్ద కూర్చుండిన బిడ్డ వ్రేళ్లలో నిలుచు నేర్పు, ఆ పెట్టె మూగబోయిన తరువాతను మందిరపు హార్మోనియము మీద పలుకును. ఆ అరగంట మన యింట దొరకునా అని మొదట చూచుకొని, తరువాత అంగడికి వెళ్లుడి.