రేఖాచిత్ర వివరణలో వర్ణన – కారణ నిర్ణయం: చారిత్రక పరిశీలన

సారాంశం

రేఖాచిత్రం స్వయంబోధకమనే అభిప్రాయం విద్యారంగంలో బలంగా ఉంది. అయితే ఆధునిక గణాంక చిత్రాలు రూపొందిన తొలినాళ్ల నుంచీ చిత్రానికి తోడుగా వివరణ ఉంటూనే వచ్చింది. ఆ వివరణ మూడు పనులు చేస్తుంది: చిత్రాన్ని చదివే పద్ధతి చెప్పడం, కనిపించే మార్పును కొలతలతో వర్ణించడం, ఆ మార్పుకు కారణాన్ని నిర్ణయించడం. రెండో పనికీ మూడో పనికీ మధ్య హద్దు చెరిగిపోతే ఏమవుతుందో విలియం ప్లేఫెయిర్, ఫ్లోరెన్స్ నైటింగేల్ చిత్రాల ద్వారా, భారత జనగణనలోని లింగ నిష్పత్తి ద్వారా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: రేఖాచిత్రం, దత్తాంశం, వర్ణన, కార్యకారణ సంబంధం, లింగ నిష్పత్తి.

1. ప్రస్తావన

సామాజికశాస్త్ర సిద్ధాంత గ్రంథాల్లో ముందు పట్టిక, దాని కింద రేఖాచిత్రం, ఆ కింద ఒక పేరా ఉండడం పరిపాటి. చాలా సందర్భాల్లో ఆ పేరా పట్టికలోని అంకెలనే వాక్యాలుగా మార్చి ముగుస్తుంది. లేదా రేఖ పైకి పోయింది కనుక ఫలానా చర్య ఫలించిందని తేల్చేస్తుంది. మొదటిది పునరుక్తి, రెండోది ఆధారం లేని నిర్ణయం. ఈ రెండింటికీ మధ్య ఉండవలసిన విశ్లేషణ స్వరూపం ఏమిటన్నది ప్రశ్న. దీనికి సమాధానం రేఖాచిత్రాల చరిత్రలోనే కొంత దొరుకుతుంది.

2. ప్లేఫెయిర్: చదవడం నేర్పిన వివరణ

స్కాట్లాండుకు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో లండన్‌లో ప్రచురించిన వాణిజ్య, రాజకీయ అట్లాసులో 44 చిత్రాలున్నాయి. వాటిలో 43 కాలక్రమంలో వచ్చిన మార్పును చూపేవి. డబ్బును గీతలతో చూపడం అప్పటి పాఠకులకు కొత్త. అందువల్ల, ఒక వర్తకుడు ప్రతి సాయంత్రం తనకు వచ్చిన నాణేలను ఒక దొంతిగా పేర్చుతూ పోతే ఆ దొంతుల ఎత్తులే రాబడిని తెలుపుతాయనే పోలికతో ప్లేఫెయిర్ తన పద్ధతిని బోధపరిచాడు.

మిగిలిన ఒక్క చిత్రం మరింత గమనార్హం. స్కాట్లాండు 17 ప్రాంతాలతో ఒకే సంవత్సరంలో (1780 క్రిస్మస్ నుంచి 1781 క్రిస్మస్ వరకు) జరిపిన ఎగుమతి దిగుమతులను అది కమ్మీల రూపంలో చూపుతుంది. అనేక సంవత్సరాల దత్తాంశం అందుబాటులో లేకపోవడమే ఈ రూపానికి కారణం. కాలం అనే కోణం లేని ఈ చిత్రం తక్కినవాటికంటే తక్కువ ఉపయోగకరమని ప్లేఫెయిర్ స్వయంగా పేర్కొన్నాడు. ఒక చిత్రం ఏమి చెప్పగలదో అనేదానితో పాటు ఏమి చెప్పలేదో కూడా తెలపడం వివరణ బాధ్యత అన్న సూత్రం ఇక్కడే కనిపిస్తుంది.

3. నైటింగేల్: వర్ణన నుంచి వాదం వైపు

క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికుల మరణాలపై ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో వెలువరించిన చిత్రం సుప్రసిద్ధం. గణాంకవేత్త విలియం ఫార్ ఆమెకు సహకరించాడు. అందులో రెండు వృత్తాలున్నాయి. ఒకటి 1854 ఏప్రిల్ నుంచి 1855 మార్చి వరకు, రెండోది ఆ తరువాతి పన్నెండు నెలలకు సంబంధించింది. నీలం రంగు నివారించదగిన వ్యాధులను, ఎరుపు గాయాలను, నలుపు ఇతర కారణాలను సూచిస్తాయి. ప్రతి రంగు వైశాల్యాన్నీ కేంద్రం నుంచే కొలవాలని చిత్రం మీదనే ముద్రించారు. ఆ వాక్యం లేకపోతే రంగులు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు భావించి పాఠకుడు పొరబడతాడు.

1855 జనవరిలో వ్యాధులతో 2,761 మంది, గాయాలతో 83 మంది, ఇతర కారణాలతో 324 మంది మరణించారు. అంటే ఆ నెల మరణాల్లో సుమారు 87 శాతం వ్యాధుల వల్ల సంభవించినవే. ఇది వర్ణన. దీనిపై వివాదానికి తావు లేదు.

కారణం దగ్గరే చిక్కు మొదలవుతుంది. స్కుటారి ఆసుపత్రుల మురుగు కాలువలను, గాలి వసతిని సరిచేసిన పారిశుద్ధ్య సంఘం అక్కడికి చేరింది 1855 మార్చిలో. రెండు వృత్తాలుగా చిత్రం విడిపోయేది సరిగ్గా ఆ మార్చి చివరనే. పెద్ద వృత్తం సంఘానికి ముందు, చిన్న వృత్తం సంఘం తరువాత అని కంటికి తోస్తుంది. కాని నెలవారీ అంకెల ప్రకారం వ్యాధి మరణాలు సంఘం రాకముందే, ఫిబ్రవరిలో, 2,120కి తగ్గాయి. మార్చిలో 1,205కు, ఏప్రిల్‌లో 477కు దిగాయి. తగ్గుదల ఆరంభానికి సంఘం కారణం కాజాలదు. అది కొనసాగడంలో సంఘం పాత్ర ఎంత అన్నది వేరే ప్రశ్న.

దీనికి సమాధానం వెతికే వీలు కూడా ఆ చిత్రంలోనే ఉంది. రెండు వృత్తాల్లోనూ ఒక్కో నెల ఒకే దిశలో ఉంటుంది కాబట్టి జనవరిని జనవరితో పోల్చవచ్చు. 1855 జనవరిలో సగటున 32,393 మంది ఉన్న సైన్యంలో 2,761 వ్యాధి మరణాలు సంభవిస్తే, 1856 జనవరిలో 44,212 మందిలో 42 మాత్రమే సంభవించాయి. ఋతుప్రభావాన్ని మినహాయించిన ఈ పోలిక మొదటిదానికంటే బలమైనది. అయినా సెవాస్తోపోల్ ముట్టడి 1855 సెప్టెంబరులోనే ముగిసింది కనుక రెండు శీతకాలాల పరిస్థితులు ఒకటి కావు. పారిశుద్ధ్య సంస్కరణ విలువను ఇది తగ్గించదు. ఆ విలువను నిరూపించడానికి చిత్రం ఒక్కటే చాలదని మాత్రమే తెలుపుతుంది.

4. భారత జనగణన: ఒకే మార్పు, రెండు రేఖలు

ఇదే సమస్య నేటి పరిశోధనల్లో తరచుగా ఎదురయ్యే చోటు లింగ నిష్పత్తి. దేశంలో ప్రతి 1,000 మంది పురుషులకు స్త్రీల సంఖ్య 1901లో 972 కాగా 1991 నాటికి 927కు పడిపోయింది. 2001లో 933కు, 2011లో 943కు పెరిగింది. ఈ పెరుగుదలను 1994 నాటి గర్భస్థ శిశు లింగ నిర్ధారణ నిషేధ చట్టం సాధించిన ఫలితంగా రాయడం సులభం. కాలక్రమం కూడా అనుకూలంగానే ఉంది. అయితే ఆ చట్టం ప్రభావం కనిపించవలసింది 0–6 ఏళ్ల పిల్లల్లో. వారిలో నిష్పత్తి 1991లో 945, 2001లో 927, 2011లో 919. అంటే మొదటి రేఖ లేచిన కాలంలోనే రెండోది దిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ 2001–2011 మధ్య మొత్తం నిష్పత్తి 978 నుంచి 993కు పెరగగా పిల్లల్లో 961 నుంచి 939కి తగ్గింది. మొత్తం నిష్పత్తిపై పెద్ద వయసు స్త్రీల ఆయుర్దాయం వంటి అంశాల ప్రభావం కూడా ఉంటుంది. దాన్ని పుట్టుకలోని వివక్షకు కొలమానంగా వాడడం తగదు.

అక్షం ఎక్కడ మొదలవుతుందో గమనించడమూ అవసరమే. నిలువు అక్షాన్ని 900 వద్ద ప్రారంభిస్తే 1991 కమ్మీ ఎత్తు 27, 2011 కమ్మీ ఎత్తు 43 అవుతాయి. కంటికి ఒకటిన్నర రెట్లకు పైగా వృద్ధి కనిపిస్తుంది. వాస్తవ పెరుగుదల 1.7 శాతం మాత్రమే. కంటి అంచనాను అంకెతో సరిచేయడం పేరా పని.

ఈ అంశాలను పాటించే పేరా ఇలా ఉండవచ్చు: "1991–2011 మధ్య దేశంలో మొత్తం లింగ నిష్పత్తి 927 నుంచి 943కు పెరిగింది. ఇదే కాలంలో 0–6 ఏళ్ల పిల్లల నిష్పత్తి 945 నుంచి 919కి తగ్గింది. కాబట్టి మొత్తం నిష్పత్తిలోని పెరుగుదలను ఆడపిల్లల జననంలో వచ్చిన మెరుగుదలగా భావించడానికి ఈ దత్తాంశం ఆధారం కాదు. ఈ వ్యత్యాసాన్ని వివరించడానికి వయోవర్గాల వారీ మరణాల రేట్లను పరిశీలించాలి." ఇందులో ప్రతి అంకె ఒక పోలిక కోసమే వచ్చింది. వర్ణన ముగిసిన చోటు, అనుమితి మొదలైన చోటు విడివిడిగా కనిపిస్తాయి.

5. ఉపసంహారం

ప్లేఫెయిర్ తన చిత్రం పరిమితిని తానే ప్రకటించాడు. నైటింగేల్ చిత్రం చూపిన మరణాల తీవ్రత తిరుగులేనిది, కాని దాని విభజన రేఖ ఒక కారణాన్ని ముందుకు తెచ్చి మరికొన్నింటిని కనుమరుగు చేసింది. జనగణన రేఖలు ఒకదాన్నొకటి ఖండిస్తున్నట్లు కనిపించినా అవి కొలిచేవి వేర్వేరు విషయాలు. ఈ మూడింటినీ కలిపి చూస్తే విశ్లేషణాత్మక పేరా చిత్రానికి అనువాదం కాదని, చిత్రంపై జరిపే విచారణ అని తేలుతుంది. పరిశోధకుడు కారణాన్ని చెప్పకూడదని దీని అర్థం కాదు. ఆ కారణం తప్పయితే దత్తాంశంలో ఏ అంకె దాన్ని బయటపెడుతుందో ముందుగా వెతికి, ఆ తరువాతనే చెప్పాలి. పిల్లల లింగ నిష్పత్తి వంటి విషయాల్లో ఆ ఒక్క అంకెను చూడకపోవడమంటే, తీవ్రమవుతున్న సమస్యను తీరిపోయినట్లు రాయడమే అవుతుంది.