ఒంగోలున క్లౌ దంపతుల విద్యాసేవ

దేశాంతరమునుండి వచ్చిన మిషనరీల చరిత్రను వ్రాయువారు సాధారణముగా వచ్చినవారి సంకల్పమునే వర్ణింతురు. ఎవరికొరకు వారు వచ్చిరో ఆ ప్రజల సంకల్పము ఆ వర్ణనలో మరుగుపడును. ఒంగోలున పనిచేసిన జాన్ ఎవరెట్ క్లౌ, హారియెట్ క్లౌ దంపతుల చరిత్ర ఈ దృష్టితో పరిశీలింపదగినది. సేవకు పిలుపు వారికి స్వదేశముననే వినబడినది. ఆ పిలుపునకు అర్థము మాత్రము ఒంగోలు సీమలోని మాదిగపల్లెల ప్రజలవలన తెలిసినది.

అమెరికను బాప్టిస్టుల తెలుగు మిషను 1840లో నెల్లూరున స్థిరపడినది. ఏండ్లు గడచినను క్రైస్తవులైనవారు వేళ్లపై లెక్కింపదగినంతమందియే. ఆ మిషనును మూసివేయవలెనను ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుమారులు చర్చకు వచ్చెను. అట్టి కాలమున, 1865లో, క్లౌ దంపతులు నెల్లూరు చేరిరి. 1836లో జన్మించిన క్లౌ యౌవనమున సర్వేయరు పని నేర్చినవాడు. కొలతబద్దయు గొలుసును పట్టిన ఆ చేతి నేర్పు తరువాత తెలుగునేలపై అక్కరకు వచ్చినది. 1866లో ఆ దంపతులు ఒంగోలునకు నివాసము మార్చిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అచటి సంఘ మేర్పడినది.

పై కులములవారికి విద్య చెప్పినచో ఆ జ్ఞానము క్రమముగా క్రిందివారికి దిగివచ్చునని ఆ శతాబ్దమున ప్రభుత్వమువారును, పలువురు మిషనరీలును నమ్మిరి. 1830లో కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ స్థాపించిన పాఠశాలకు ఈ నమ్మకమే పునాది. ఒంగోలు పాఠశాలయు తొలుత ఆ త్రోవనే నడచినది. పట్టణములోని పై కులముల బాలురు చదువుకొనుటకు వచ్చిరి. వారి పెద్దలును క్లౌను ఆదరించిరి. ఆరంభము శుభసూచకముగనే తోచినది.

ఇంతలో పడమటి పల్లెలనుండి వేరొక దంపతులు వచ్చిరి. తాళ్లకొండపాడు నివాసి ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. తోళ్ల వర్తకమునకై దూరప్రాంతములు తిరిగినవాడు. క్రైస్తవబోధ వినుటకు పూర్వమే గురువుల నాశ్రయించి యోగసాధన చేసినవాడు. భార్య నాగమ్మతో గూడ 1866లో అతడు క్రైస్తవుడయ్యెను. అనంతరము తన వారినడుమ తానే బోధకుడై తిరిగెను. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాటికి పోయినపుడు అచట ఇరువదియెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. వారినందరిని సిద్ధపరచినది పేరయ్యయే.

దీనితో ఒంగోలున చిక్కు పుట్టినది. మాదిగలను చేర్చుకొన్నచో తాము రాజాలమని పట్టణపు పెద్దలు స్పష్టముగ చెప్పిరి. పాఠశాల నిలువవలెనా, పల్లెలనుండి వచ్చుచున్నవారు నిలువవలెనా అను ప్రశ్న ఆ దంపతులముందు నిలిచినది. క్లౌ తరువాత చెప్పిన వృత్తాంతము ప్రకారము, ఆయన ప్రార్థించి చేతికందిన బైబిలును తెరవగా, కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి లేఖలో, లోకము నీచముగ నెంచినవారినే దైవము ఎన్నుకొనునను భావముగల భాగము కంటబడినది. మరియొక గదిలో హారియెట్టును, భర్త సంగతి తెలియకయే, ఆ భాగమునే చదివినదట. దీనిని దైవికమనువారు అనవచ్చును, యాదృచ్ఛికమనువారును అనవచ్చును. చరిత్రకు ముఖ్యమైనది దాని ఫలితము. ఆ దంపతులు మాదిగలను చేర్చుకొనిరి. పై కులముల బాలురు బడి విడిచిపోయిరి.

విద్యాసేవకై వచ్చినవారికి ఉన్న విద్యార్థులను కోల్పోవుట స్వల్పవిషయము కాదు. కాని అటుపిమ్మటనే నిజమైన పని మొదలైనది. పల్లెలనుండి వచ్చిన యువకులకును, స్త్రీలకును, బాలికలకును చదువు చెప్పు భారమును హారియెట్ వహించెను. అంతవరకు తమ కులమున పుస్తకము పట్టినవారిని చూడని బిడ్డలు వారు. 1872లో రామాయపట్నమున బోధకులకు శిక్షణాలయ మేర్పడినది. అచట చదివినవారు తమ పల్లెలకే మరలి, బోధకులుగను ఉపాధ్యాయులుగను నిలిచిరి. జ్ఞానము పైనుండి దిగివచ్చుటకు వేచియుండక, క్రిందినుండియే మొలకెత్తినది.

ఈ మార్గమునకు మూల్యమును పల్లెప్రజలే చెల్లించిరి. క్రైస్తవులైన మాదిగలు జాతరలలో డప్పు కొట్టుటకును, చచ్చిన పశువుల మాంసము తినుటకును, ఆదివారమున పనిచేయుటకును నిరాకరించిరి. గ్రామపెద్దలు దీనిని ధిక్కారముగ నెంచి, పలుచోట్ల వారిని హింసించిరి.

1876-78 నాటి మహాక్షామమున వేరొక పరీక్ష ఎదురైనది. క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడుమైళ్లకు పైబడిన భాగమును కంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. పూర్వపు సర్వేయరు పని ఇట అక్కరకు వచ్చినది. అన్నమునకై మతము మారిరను మాట రాకుండునట్లు, ఆ కాలమున పదునైదు మాసములు బాప్తిస్మము లిచ్చుట మానెను. కాలువ పని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న, ఒక్క దినముననే 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్య ప్రపంచమున చాటబడినది. కాని ఇన్ని పల్లెలకు ఉపాధ్యాయులను ఎచటినుండి తేవలెనను చింత ఆ చాటింపులో వినబడలేదు. సంఖ్య పెరిగినంత వేగముగ అక్షరము వ్యాపింపలేదనుట సత్యము.

హారియెట్ 1893లో మరణించెను. అనంతరము క్లౌ వివాహమాడిన ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగల పురాణగాథలను, పేరయ్యవంటివారి జీవితములను సేకరించి 1899లో ఆంగ్లమున గ్రంథముగ ప్రకటించెను. 1910లో క్లౌ మరణించిన పిదప, ఆయన ఆత్మకథను 1914లో వెలువరించినదియు ఆమెయే. మాదిగపల్లె మాట ఇట్లు పరభాషలో, పరుల లేఖినితో గ్రంథస్థమైనది. పేరయ్య, నాగమ్మలు స్వయముగ వ్రాసికొన్న చరిత్ర మనకు లేదు.

1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించి, ఉపాధ్యాయుడై, కవియైన గుఱ్ఱం జాషువాకు ‘క్రీస్తు చరిత్ర’ కావ్యమునకై 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఊరివెలుపల నిలుపబడినవారి వేదన ఆయన కావ్యములలో తెలుగు పద్యమై, వారి స్వంత గొంతుతో పలికినది. బడి విడిచిపోయినవారికై కాక, బడి గుమ్మమున నిలిచినవారికై తలుపు తెరచుటయే విద్యాసేవయని ఒంగోలు చరిత్ర చాటుచున్నది. ఆ తలుపు తట్టినవారిలో మొదటివారుగ పేరయ్య, నాగమ్మల పేళ్లును క్లౌ దంపతుల పేళ్లప్రక్కన నిలువదగినవి.