సాన పట్టిన మెరుపు

2021 జులై 25న రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఏటా ఆ తేదీ వచ్చిందంటే నీళ్లలో తేలే ఇటుకల గురించి, మదనిక శిల్పాల గురించి మాట్లాడుకుంటారు. అక్కడి నల్లరాతి నునుపుకు మాత్రం దక్కాల్సినంత పేరు దక్కలేదు.

కాకతీయ రుద్రదేవుడు 1163లో హన్మకొండలో వేయిస్తంభాల గుడి కట్టించాడు. దాని ముందున్న ఏకశిలా నంది ఇప్పటికీ నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. మరో యాభై ఏళ్లకు, 1213లో, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్పను నిలబెట్టాడు. రంగమంటపంలోని నల్ల స్తంభం దగ్గర చేయి పెడితే వేళ్ల నీడ కాదు, వేళ్లే లోపల కనిపిస్తాయి.

ఆ రాయి డోలరైట్. రేణువు సన్నం, గట్టిదనం ఎక్కువ. ఇలాంటి రాతిని మెరిపించాలంటే అంతకన్నా గట్టి పొడి కావాలి. ముందు ముతకది, తర్వాత సన్నది, ఆ తర్వాత మరీ మెత్తనిది. ఒక పొడి చేసిన గీతలను తర్వాతి పొడి చెరిపేస్తూ పోవాలి. చివరికి కంటికి ఆనని గీతలే మిగులుతాయి, వెలుగు చెదిరిపోకుండా ఒకే దిక్కుకు తిరిగొస్తుంది. మెరుపంటే అదే. రాయికి కొత్తగా పూసింది ఏమీ లేదు, తీసేసిందే అంతా.

వజ్రం తర్వాత బాగా గట్టి సహజ ఖనిజాల్లో కురువిందం ఒకటి. ఇంగ్లిష్‌వాళ్ల 'కొరండం' మన దక్షిణాది మాట నుంచి పుట్టిందే. కురువిందం పొడిని లక్కలో కలిపి సానచక్రాలు చేయడం ఈ దేశంలో పాత విద్య. 1323లో ఓరుగల్లు కూలింది, రాజ్యాలు మారాయి. సాన పట్టేవాళ్ల పని మాత్రం ఆగలేదు.

రాతి మీది ఆ రుద్దుడే తర్వాత కార్ల రంగు మీదా కనిపిస్తుంది. కార్లు వచ్చిన కొత్తల్లో రంగు ఆరడానికే వారాలు పట్టేది. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 'డ్యూకో' లాకర్‌ తెచ్చాక గంటల్లో ఆరడం మొదలైంది. కాకపోతే దానికి మెరుపు రావాలంటే రుద్దాల్సిందే. మన షెడ్లలో ఆ పనిని 'రబ్బింగ్' అంటారు. అంబాసిడర్ కాలంలో లప్పం పెట్టి, వాటర్ పేపర్ వేసి, కాంపౌండ్‌తో చేతులు నొప్పెట్టేదాకా రుద్దేవారు.

ఇప్పటి కారుకు రంగు మీద క్లియర్ కోట్ ఉంటుంది. మందం సుమారు 40 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా తక్కువ. పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు, దుమ్ములోని ఇసుక దాన్ని గీకేస్తుంది. ఎండలో బానెట్ మీద సాలెగూడులా కనిపించేవి ఆ గీతలే.

వాటిని తీసే పని హన్మకొండలోని ఏదైనా కారు షెడ్డులో చూస్తే రామప్ప గుర్తుకు రాక మానదు. ముందు బండి కడుగుతారు, క్లే ముద్దతో మొండి మురికి లాగేస్తారు, రబ్బరు బీడింగులకు టేపు అంటిస్తారు. స్పాంజి ప్యాడ్ మీద శనగగింజంత కాంపౌండ్ నాలుగు చుక్కలు పెడతారు. జానెడున్నర చదరంలో, మెషీన్‌ను ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, మెల్లగా నడుపుతారు. పాత రోటరీ మెషీన్ ఒకచోట గుండ్రంగానే తిరుగుతుంది. అంచు దగ్గర ఏమరితే రంగు కాలిపోతుంది. ఇప్పటి డ్యూయల్ యాక్షన్ మెషీన్ ప్యాడ్ తిరుగుతూనే ఊగుతుంది కూడా, వేడి తక్కువ. చాలా కాంపౌండ్లలో ఉండేది అల్యూమినియం ఆక్సైడ్. కురువిందం కూడా రసాయనికంగా అదే! ముతక కాంపౌండ్ తర్వాత సన్న పాలిష్, అదే వరుస.

ఇక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. సిరామిక్ కోటింగ్ వచ్చింది, పీపీఎఫ్ అనే పారదర్శక పొరలు వచ్చాయి, వేడికి గీత తనంతట తానే పూడిపోయే పొరలూ వచ్చాయి. రుద్దే పని తగ్గుతుందనుకుంటే, కోటింగ్ వేసే ముందు కూడా గీతలు తీయాల్సిందే కాబట్టి మెషీన్ మళ్లీ నడుస్తోంది. ఇంకో సంగతి. రుద్దిన ప్రతిసారీ క్లియర్ కోట్‌లో కొన్ని మైక్రాన్లు పోతాయి, పోయినవి తిరిగి రావు. అందుకే పద్ధతి తెలిసిన పనివాడు ముందు మందం కొలిచే మీటర్ పెట్టి చూస్తాడు. అంకె తక్కువగా ఉంటే మెషీన్ పక్కన పెట్టి, కొన్ని గీతలను అలాగే ఉండనిస్తాడు.